పగటి నిద్ర

ఆ వేసవిలో జగదీశ్‌కు రాత్రి డ్యూటీ పడింది. ట్రాక్టర్లకు గేర్ల సామాను చేసే ఒక చిన్న కార్ఖానాలో అతను మిషన్ మీద పనిచేస్తాడు. పగటి పూట షెడ్డులో మనుషులు నిలవలేకపోతున్నారని, ఎండలు ముదరగానే పనిని రాత్రికి మార్చారు. వానలు పడేదాకా ఇంతేనన్నారు. ఆ కబురు పట్టుకుని జగదీశ్ హుషారుగా ఇంటికి వచ్చాడు.

"ఇగ ఎండ బాధ తప్పింది స్వప్నా. సల్లటి పూట పని. పొద్దంత పండుడే," అన్నాడు భార్యతో.

పొద్దంతా ఎక్కడ పడుకోవాలో అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

వాళ్లు అద్దెకుండేది జహీరాబాద్‌లో, హైవే వెనక సందులో, యాకూబ్ అనే ముసలాయన ఇంటిపైన. కింద యాకూబ్, ఆయన భార్య తాజ్ బేగం ఉంటారు. వాళ్లది మందపాటి రాతి గోడల పాత ఇల్లు, పైన స్లాబు. ఆ స్లాబు మీద ఒక మూలకు కట్టిన ఒంటి గది జగదీశ్ వాళ్లది. గదిలోనే ఒక పక్క గ్యాసు పొయ్యి, గది బయట బాత్రూము. కప్పు ఇనుప రేకులు. చలికాలంలో వచ్చి చూసినప్పుడు గాలీ వెలుతురూ బాగున్నాయని స్వప్నే ముచ్చటపడి ఒప్పుకుంది.

పొద్దున డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, రెండు రొట్టెలు తిని జగదీశ్ పడుకునేవాడు. ఒళ్లు అలిసి ఉండటం వల్ల వెంటనే కన్ను మూతపడేది. ఎండ రేకుల మీదికి ఎక్కగానే అవి టక్కు టక్కుమని చప్పుడు చేసేవి. ఆ తర్వాత గది పొయ్యి మీద పెట్టిన మూకుడు అయ్యేది. దిండు తడిసిపోయి, మెడ కింద చీమలు పాకినట్టు చెమట కారుతుంటే అతను లేచి కూర్చునేవాడు. మళ్లీ పడుకునేవాడు. మంచం మీద నుంచి గచ్చు మీదికి, గచ్చు మీద నుంచి గడప దగ్గరికి జరిగేవాడు. గడప దగ్గర వడగాలి మొహాన కొట్టేది.

స్వప్న తనకు చేతనైనవన్నీ చేసింది. ముక్కుకు కొంగు కట్టుకుని రేకుల మీదికి ఎక్కి సున్నం పూసింది. తేడా కనిపించిందో, ఉందని ఇద్దరూ అనుకున్నారో గానీ, ఒక రోజు మాత్రం బాగుందన్నారు. కిటికీకి తడి గోనె కట్టింది. టీ కాచి దించేలోపు అది ఎండి పెళపెళలాడేది. కూలరు ఉంది. కరెంటు ఉన్నంతసేపు అది గదిలోని వేడినే తడిపి మళ్లీ మనిషి మీదికి తోసేది. ఇక మిగిలింది నీళ్లే. మిట్టమధ్యాహ్నం బకెట్లు నింపి, బాత్రూము గోడ మీదికెక్కి, చెంబుతో రేకుల మీద పోసేది. నీళ్లు పడగానే రేకులు బుస్సుమనేవి.

లోపలికి వచ్చి చూస్తే జగదీశ్ లేచి కూర్చుని ఉండేవాడు.

"నిద్ర పట్టలేదా?"

"ఇప్పుడిప్పుడె పడుతుండె. నువ్వు నీళ్లు గొట్టినవ్."

నవ్వు రావలసిన మాటే. కానీ ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

వాళ్లకు ఒక కూతురు, స్నిగ్ధ. ఒకటో తరగతి అయిపోయి సెలవులు ఇచ్చారు. నాన్న పడుకున్నప్పుడు మాట్లాడకూడదని, ఉరకకూడదని స్వప్న చెప్పింది. కాళ్ల పట్టీలు తీసి డబ్బాలో పెట్టింది. టీవీ బంద్. పాప మెట్ల మీద నీడ ఉన్నచోట కూర్చుని తనలో తనే పెదవులు కదుపుతూ ఆడుకునేది. ఒకరోజు దాహమై లోపలికి వచ్చి రంజను కుండలో నీళ్లు ముంచుకోబోతే స్టీలు గ్లాసు చేతి నుంచి జారి గచ్చు మీద మోగింది.

జగదీశ్ ఒక్క ఉదుటున లేచాడు. ఆ గ్లాసు తీసి గోడకేసి కొట్టాడు. "ఇంట్ల జర సేపు కండ్లు మూయనియ్యరా!" అని అరిచాడు. స్వప్న పరుగెత్తుకొచ్చేసరికి పాప బీరువా వెనక ఇరుక్కుని నిలబడి ఉంది. గౌను తడిసింది. జగదీశ్ గోడ మీద పడ్డ సొట్ట వంక చూస్తున్నాడు. కాసేపటికి మంచం మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"నాకు ఏమైతుందో నాకె సమజైతలేదు స్వప్నా," అన్నాడు. తర్వాత, "రా బిడ్డా," అని పాపను పిలిచాడు. పాప రాలేదు.

ఆ వారంలోనే స్వప్న ఫోన్ చేసి తల్లిని పిలిపించుకుంది. ఆమె పేరు రత్నమ్మ. ఝరాసంగం దగ్గరి ఊరి నుంచి షేర్ ఆటోలో, ఒక సంచి జొన్నపిండితో వచ్చింది. గదిలోకి అడుగు పెట్టి, మళ్లీ బయటికి వచ్చి నిలబడింది.

"ఇదేం ఉడుకే! నువ్వు గూడ నడువు బిడ్డా. మనది మట్టి మిద్దె. జర ఊపిరన్న ఆడుతది."

"ఈయనకు వండి పెట్టేదెవ్వరమ్మా? పెండ్లిళ్ల జాకెట్లు కుట్టుటానికి గూడ ఒప్పుకున్న. స్నిగ్ధనైతె తీస్కపో."

పాప అమ్మమ్మ ఒళ్లో కూర్చుని ఆటో ఎక్కింది. ఆటో కదలకముందే గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ గొంతు పూర్తిగా వినిపించి స్వప్నకు కళ్లు చెమర్చాయి.

పాప వెళ్లినా జగదీశ్‌కు నిద్ర రాలేదు. అసలు అడ్డం పాప కాదు కదా. ఒకరోజు పొద్దున అతను ఆలస్యంగా వచ్చాడు. చొక్కా చేయి చిరిగింది. మోచేతి మీద తోలు లేచి మట్టి అంటుకుంది.

"ఏం గాలె. బండి జారింది," అన్నాడు.

స్వప్న గాయం కడిగింది. చివరికి అతనే చెప్పాడు.

"కండ్లు మూస్కపోయినయ్. తెరిచి చూస్తె బండి రోడ్డు దిగి, అల్లం పెట్టుటానికి దున్నిన చేన్ల ఉన్నది. ఇటు దిగింది గాబట్టి... అటు దిక్కు లారీలు."

ఆ రోజు స్వప్న రేకుల మీద ఎన్నడూ పోయనన్ని నీళ్లు పోసింది. చేతులు లాగుతున్నా ఆపలేదు. కొంతసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. యాకూబ్ పైకి వచ్చాడు. తెల్ల గడ్డం, తల మీద జాలీ టోపీ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఏం బేటీ గిది? బోర్ల నీళ్లు అడుక్కు పోయినయ్. కింద మీ చాచీ నమాజుకు వజూ చేసుకుందమంటె నల్లా గర్రుమంటుంది. నువ్వేమొ రేకులకు స్నానం చేపిస్తున్నవ్."

స్వప్న చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. తెరిచి ఉన్న తలుపులోంచి యాకూబ్ లోపలికి చూశాడు. తడి దుప్పటి గచ్చు మీద పరుచుకుని జగదీశ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎర్రటి కళ్లు తెరిచి రేకుల వంక చూస్తున్నాడు. మనిషి వచ్చాడని తెలిసినా తల తిప్పలేదు. యాకూబ్ అది చూసి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం తాజ్ బేగం కింద నుంచి కేకేసింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. డాబా ఎక్కి ఏళ్లయింది. ఏమున్నా మెట్ల మొదట్లో నిలబడే మాట్లాడుతుంది.

"మా ఆయన చెప్పిండు. లారీ నడిపిన మనిషి గదా, నిద్ర లేనోని కండ్లు జూస్తె ఆయనకు భయం. రేపటి సంది నీ మొగన్ని మా బైఠక్‌ల పండమను."

"వద్దు చాచీ, మీకు తక్లీఫ్..."

"తక్లీఫ్ ఏంది? బైఠక్‌కు సందు దిక్కె తలుపున్నది. ఆయన అట్లనె వస్తడు, అట్లనె పోతడు. నడిమి తలుపు నేను పెట్టుకుంట. పొద్దుగాల పేపరు సదువుటానికి ఈయన దోస్తులు వస్తరు గదా, వాళ్లను హోటల్‌ల కూసోమన్నడు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

జగదీశ్ ఒప్పుకోలేదు.

"పట్టపగలు ఇంకొకరి ఇంట్ల కాళ్లు చాపుకొని పండుడా? చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని. నీ బండి మల్ల రోడ్డు దిగితె నేనేమనుకోవాలె?" అంది స్వప్న.

మరునాడు దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని, దొంగలా సందు చూసుకుంటూ అతను బైఠక్‌లోకి వెళ్లాడు. అది ముందరి గది. చిన్న కిటికీ, నల్లటి బండల గచ్చు, ఎత్తు కప్పు. చాప మీద ఒరిగిన మనిషి పొద్దు గూకినప్పటి మగ్‌రిబ్ అజాన్ దాకా కదల్లేదు. "నాకు భయమైంది బేటీ," అని యాకూబ్ తర్వాత స్వప్నతో అన్నాడు. "ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిన."

కొద్ది రోజుల్లోనే జగదీశ్ మనిషి తేరుకున్నాడు. కళ్ల కింద నలుపు తగ్గింది. గడ్డం గీసుకుంటూ ఈల వేశాడు. తనే ఫోన్ చేసి స్నిగ్ధతో మాట్లాడాడు. పాప మొదట ఊ, ఆ అంది. తర్వాత అమ్మమ్మ వాళ్ల మేకపిల్ల సంగతి చెప్పింది.

స్వప్నకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇప్పుడు ఆ గదిలో పగలంతా ఆమె ఒక్కతే. రేకుల మీద నీళ్లు పోయడం మానేసింది. బోరులో నీళ్లు లేవని ఇంటాయన చెప్పనే చెప్పాడు. ఇంత చేసినవాళ్లకు ఇంకా కష్టం పెట్టడం ఎందుకు? కిటికీకి గోనె కట్టడం కూడా మానేసింది. కూలరు స్విచ్ మీద చేయి పెట్టి, 'ఒక్కదానికి ఎందుకులే' అనుకుని తీసేసింది. అలా అనుకున్నానని కూడా ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

"నువ్వు గూడ దిగిరా. నా పక్కన పండు," అని తాజ్ బేగం పిలిచింది. స్వప్న వెళ్లింది. లోపలి గది చల్లగా, చీకటిగా, గుహలా ఉంది. కానీ ఆ రోజే తాజ్ బేగం చుట్టాలు వచ్చారు. వాళ్లంతా ఉర్దూలో మాట్లాడుకుంటూ నవ్వుకుంటుంటే స్వప్న గోడవారన ముడుచుకుని కూర్చుంది. అసలే మొగుడు ముందరి గది ఆక్రమించుకున్నాడు, ఇప్పుడు పెళ్లాం లోపలి గదిలో చేరిందని అనుకుంటారేమో. మర్నాడు పిలిస్తే, "పనుంది చాచీ," అంది.

పని ఉన్నమాట నిజమే. పెళ్లి కూతురి జాకెట్లు కుట్టాలి. వెలుతురు కోసం కుట్టుమిషన్ తలుపు దగ్గర వేసుకుని కూర్చునేది. చెమట బొట్టు పట్టు గుడ్డ మీద పడితే మరక నిలుస్తుందని మెడకు తువ్వాలు చుట్టుకునేది. సూదిలోకి దారం ఎక్కించబోతే వేళ్లు జారేవి. నీళ్లు తక్కువ తాగేది. తాగితే బాత్రూముకు పోవాలి. బాత్రూముకు పోవాలంటే కాలిపోతున్న డాబా మీద నడవాలి. మధ్యాహ్నం మజ్జిగ పోసుకుని ఇంత అన్నం తింటే తిన్నట్టు, లేకుంటే లేదు. జగదీశ్ డ్యూటీకి పోయాక ఒంటరి ఆడమనిషి ఆరుబయట ఎలా పడుకుంటుందని లోపల గడియ పెట్టుకునేది. గోడలు పగలు మింగిన వేడినంతా తెల్లవార్లూ కక్కేవి.

జగదీశ్ సాయంత్రం లేచి, అన్నానికి పైకి వచ్చేవాడు.

"అబ్బ, ఇదేం ఉడుకు! ఎట్ల కూసుంటున్నవ్ దీంట్ల?" అంటూ కంచం పట్టుకుని బయటికి పోయి తినేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు.

ఆ రోజు సందు చివర ట్రాన్స్‌ఫార్మరు పొద్దున్నే కాలిపోయింది. కరెంటు సాయంత్రానికి గానీ రాదన్నారు. లేచినప్పటి నుంచి స్వప్నకు తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. ఆ పూటకు ఇస్తానన్న జాకెట్టుకు హుక్కులు కుట్టడం పూర్తి చేసింది. మెడ తుడుచుకుందామని తువ్వాలు అందుకుంటే మెడ పొడిగా ఉంది. చెమట పట్టడం లేదు. 'హమ్మయ్య' అనుకుంది. విడిచిన బట్టలు నానబెడదామని బాత్రూముకు వెళ్లి నల్లా తిప్పింది. ట్యాంకులోంచి మరిగినట్టున్న నీళ్లు బకెట్లోకి పడుతున్నాయి. ఎదుటి గోడ మెల్లగా పక్కకు జరిగింది. కాసేపు కూర్చుంటే సరిపోతుందనుకుంది.

కింద తాజ్ బేగం వాకిట్లోకి వస్తే మెట్ల మీద నుంచి నీళ్లు ధారగా దిగుతున్నాయి.

యాకూబ్ కూడా చూశాడు. "మల్ల రేకులకు పోస్తున్నది. ఎన్నిసార్లు చెప్పాలె ఈ పిల్లకు?" అని లేచాడు.

"మీరుండుండ్రి. ఆడపిల్ల ఒక్కతె ఉంటది. నేను పోత," అంది తాజ్ బేగం.

ఒక చేయి గోడకు, ఒక చేయి మోకాలికి ఆనించి ఆమె మెట్లు ఎక్కింది. ఎక్కుతూ తిడుతూనే ఉంది. "నీళ్లు లేక సస్తుంటె గిట్ల ఇడ్సిపెడతరా? స్వప్నా! ఓ స్వప్నా! చెవుల్ల ఏం పెట్టుకున్నవ్?" పైకి చేరి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, బాత్రూము వైపు చూసింది.

స్వప్న గడప మీద అడ్డంగా పడి ఉంది. నడుము దాకా ఎండలో, కాళ్లు నీళ్లలో. మొహం ఎర్రగా కందిపోయింది. తాజ్ బేగం ఆమె నుదుటి మీద చేయి వేసి చటుక్కున తీసేసింది. పెనం ముట్టుకున్నట్టయింది.

"అయ్యో అల్లా! ఓ జగదీశ్! లేపుండ్రి ఆయన్ను, లేపుండ్రి!"

యాకూబ్ బైఠక్‌లోకి పరుగెత్తి జగదీశ్ భుజం పట్టి ఊపాడు. అంత గాఢంగా పట్టిన నిద్ర ఒక పట్టాన వదల్లేదు. "లెయ్ బేటా, నీ భార్య పడ్డది" అన్న మాట రెండోసారి చెవిన పడ్డాక లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు. డాబా మీద అరికాళ్లు చుర్రుమన్నాయి. స్వప్నను రెండు చేతుల్లో ఎత్తుకున్నాడు. ఆమె కళ్లు సగం తెరిచి అతని వంక కాక, అతని పక్కకు చూస్తోంది. ఏదో గొణుగుతోంది. ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"గ్లాసు పడేయకు బిడ్డా. నాన్న లేస్తడు."

ఎలా మెట్లు దిగాడో అతనికి తెలియదు.

బైఠక్‌లో అతను పడుకున్న చాప మీదే ఆమెను పడుకోబెట్టారు. తాజ్ బేగం మగవాళ్లను బయటికి పంపి తలుపు వేసింది. జాకెట్టు వదులు చేసి, రంజను నీళ్లతో చీర తడిపి ఒళ్లంతా కప్పింది. చంకల్లో, మెడ కింద తడిగుడ్డలు పెట్టి విసురుతూ కూర్చుంది. యాకూబ్ ఆటో తెచ్చేదాకా ఆమె చేయి ఆగలేదు. ఆటోలోనూ స్వప్న తల ఆమె ఒళ్లోనే ఉంది.

సర్కారు దవాఖానలో ఎండదెబ్బ తగిలిన వాళ్లతో వార్డు నిండి ఉంది. మంచానికి ఇద్దరు. నర్సు స్వప్నకు సెలైన్ పెట్టి, చీటీ మీద రాసుకుంటూ జగదీశ్‌ను అడిగింది.

"పొద్దటి సంది ఏమన్న తిన్నదా?"

జగదీశ్ తాజ్ బేగం వైపు చూశాడు.

"నీళ్లు తాగుతుందా సరిగ్గ? తలనొప్పి, వాంతులు ఏమన్న ఉండెనా?"

"నేను పండుకున్న మేడం."

"పగటిపూట ఇంట్ల ఆమె తోని ఎవరుంటరు?"

"నేనే ఉంట," అన్నాడు. వెంటనే, "కింద ఉంట," అన్నాడు.

నర్సు తల ఎత్తి ఒకసారి చూసి, మళ్లీ రాసుకుంది. "నాల్గు రోజుల సంది సరిగ్గ తింటలేదమ్మా. నేను పిలిస్తె రాకుండె," అని తాజ్ బేగం చెప్పింది. ఆ మాటలన్నీ జగదీశ్ కొత్తగా వింటున్నాడు.

సాయంత్రానికి ఒంటి వేడి తగ్గింది. స్వప్నకు తెలివి వచ్చింది. పక్కన స్టూలు మీద జగదీశ్‌ను చూసి మొదట అడిగిన మాట, "డ్యూటీకి పోలేదా?"

"డ్యూటీ సంగతి ఇడ్సిపెట్టు."

అదే మంచం మీద అటువైపు తల పెట్టి పడుకున్న ముసలామె దగ్గుతోంది.

"ఇన్ని రోజులు కూలర్ ఎందుకు బంద్ పెట్టినవ్?" అన్నాడు జగదీశ్.

"ఒక్కదానికి ఎందుకని."

"నాకన్న చెప్పొద్దా? గిట్లున్నదని, చేతనైతలేదని?"

స్వప్న సెలైన్ సీసాలో పడుతున్న చుక్కల వైపు చూసింది.

"ఏం చెప్పాలె? ఆ రూమ్ ఎట్లుంటదో నీకెరుక లేదా? అందరికన్న నీకె ఎక్కువ ఎరుక."

ఆ గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. అరిచి ఉంటే జగదీశ్ ఏదో ఒకటి అనేవాడు. ఆమె చేయి పట్టుకోబోయి, సూది ఉన్న చేయి కావడంతో వదిలేశాడు.

దవాఖాన నుంచి తెచ్చాక తాజ్ బేగం ఆమెను మెట్లెక్కనివ్వలేదు. లోపలి గదిలో తన మంచం పక్కన బొంత వేయించింది.

"మొగనికి జాగ ఇచ్చి, పిల్లను రేకుల కింద ఇడ్సిపెట్టిన. వస్తనంటె వస్తదిలే, రానంటె ఊకుందమనుకున్న. చెయ్యి పట్టి గుంజుకొస్తె అయిపోవు," అని తనను తనే తిట్టుకుంది. గంట గంటకూ సబ్జా గింజలు వేసిన షర్బత్ తాగించింది. స్వప్న వద్దంటే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడేది.

స్నిగ్ధను చూసుకుంటూ కొన్నాళ్లు తల్లి దగ్గర ఊళ్లో ఉండమని జగదీశ్ అన్నాడు. ఒళ్లు కుదుటపడేదాకా ప్రయాణం వద్దని దవాఖానలో చెప్పారు. అతను కుట్టుమిషన్‌ను భుజం మీద పెట్టుకుని కిందికి తెచ్చి యాకూబ్ చూపించిన చోట, వరండాలో పెట్టాడు. మర్నాడు దిండు తీసుకుని పైగదిలోకి పోయి పడుకున్నాడు. బైఠక్ ఖాళీగా ఉంది. ఎందుకు పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నానికి స్వప్న వరండాలోకి వచ్చేసరికి అతను కిందికి దిగి, ఎర్రటి కళ్లతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరికి జూపిస్తున్నవ్?" అంది స్వప్న.

అతను అరచేతులతో కళ్లు రుద్దుకున్నాడు.

"ఇద్దరం దెబ్బ తిని పడితె లాభమేంది? మల్ల బండి రోడ్డు దిగాలెనా? పోయి బైఠక్‌ల పండు."

జగదీశ్ లేచి వెళ్లి పడుకున్నాడు.

షిఫ్టు మార్చమని కార్ఖానాలో అడిగాడు. అందరూ అదే అడుగుతున్నారు, వానలు పడ్డాక చూద్దామన్నారు. వానలు ఆ ఏడు తొందరపడలేదు. రోజూ సాయంత్రం పడమట మబ్బు పట్టినట్టే పట్టి, దుమ్ము లేపి పోయేది. పక్క ఊళ్లో పడిందట, రాయికోడ్‌లో పడిందట అని సందులో చెప్పుకునేవారు. ఇక్కడ పడలేదు.

డ్యూటీ దిగి వచ్చాక జగదీశ్ ఇద్దరికీ వంట చేసి పడుకోవడం మొదలుపెట్టాడు. అన్నం పర్వాలేదు. జొన్నరొట్టె మాత్రం అతని చేతుల్లో అంచులు విరిగి ముక్కలయ్యేది. ఆ ముక్కలే తినేవారు. స్వప్న మునుపటిలా లేదు. కాసేపు మిషన్ తొక్కితే తల తిరిగేది. ఎండ కంటపడితే చాలు, నుదుటి మీద నొప్పి మొదలయ్యేది. ఇదివరకు లేని చిరాకు కూడా వచ్చింది. జగదీశ్ "ఎట్లున్నది?" అని రోజూ అడుగుతాడు. ఒక్కోసారి ఆ అడగడమే ఆమెకు బరువుగా ఉంటుంది. "ఉన్నది," అంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం లోపలి గదిలో పడుకున్న స్వప్నకు మెలకువ వచ్చేసరికి చుట్టూ మసక చీకటి. తెల్లవారుతోందో పొద్దు గూకుతోందో తెలియలేదు. బయట కాకులు అరుస్తున్నాయి. లేచి కూర్చుంది.

"చాచీ, టైం ఎంతయింది? ఈయన..."

"డ్యూటీకి పోయిండు," అంది తాజ్ బేగం మంచం మీద నుంచి. "లేపుత అన్న. వద్దన్నడు. తలుపు బయటినుంచె చెప్పి పోయిండు."

"తిన్నడా?"

"నాకేమెరుక? ఏమన్న తిని ఉంటడు."

స్వప్న చీర సర్దుకుంది. పైకి వెళ్లి గిన్నెలు చూడాలి, నీళ్లు పట్టాలి, ఆరేసిన బట్టలు తీయాలి అనుకుంది. కిటికీలోంచి సందు కనిపిస్తోంది. గాలి లేదు. ఎక్కడా ఏదీ కదలడం లేదు. కరెంటు ఎప్పుడు పోయిందో, ఫ్యాను ఆగి ఉంది. ఒళ్లంతా తడిసిన బొంతలా బరువుగా ఉంది. ఇంతసేపు పడుకున్నా తీరని అలసట ఎముకల్లో ఎక్కడో మిగిలే ఉంది.

కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత మళ్లీ ఒరిగింది.

"చాచీ, ఇంక జర సేపు పండుకుంట."

"పండుకో," అంది తాజ్ బేగం. మంచం అంచుకు జరిగి, చేతిలోని విసనకర్రను కింది వైపుకు తిప్పింది.